వియన్నాలో ఒకరి ఇంట అతిథిగా ఉండబోయేవారికి

వియన్నాలో ఒక ఆస్ట్రియన్ కుటుంబం మిమ్మల్ని తమ ఇంట్లో దిగమని పిలిస్తే ఆ పిలుపును నిస్సంకోచంగా నమ్మవచ్చు. మాటవరసకు పిలిచి, తీరా వస్తామంటే ఇబ్బంది పడే అలవాటు అక్కడ తక్కువ. అయితే పిలుపులో చెప్పిన మాటలకు మించి అందులో ఏమీ దాగి ఉండదన్న సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. శుక్రవారం వరకు ఉండమంటే శుక్రవారం వరకే. ఉదయం టిఫిన్ ఇస్తామన్నారంటే మధ్యాహ్న భోజనం మీ ఏర్పాటు మీదే. మన ఇళ్ళలో అతిథి నోరు విప్పి అడగడు, ఇంటివారే కనిపెట్టి అమరుస్తారు. వియన్నాలో అతిథి అడగాలి, ఇంటివారు అవునో కాదో ఉన్నదున్నట్టు చెబుతారు, ఆ జవాబుకు ఎవరూ నొచ్చుకోరు. కాబట్టి అక్కడ ఒకరి ఇంట్లో ఉండబోయే తెలుగువారు మొట్టమొదట ఇంటి దగ్గరే వదిలి వెళ్ళవలసినది మొహమాటాన్ని.

పిలిచేవారు సహోద్యోగులు కావచ్చు, పిల్లలతో చదువుకున్నవారి తల్లిదండ్రులు కావచ్చు, ఐక్యరాజ్యసమితి కార్యాలయాల్లో పనిచేసేవారి ఇరుగుపొరుగు కావచ్చు. తెలిసినవారెవరూ లేకపోయినా దారులున్నాయి. 1949లో మొదలైన సెర్వాస్ అనే శాంతి సంస్థ సభ్యులు ఒకరి ఇంట ఒకరు ఉచితంగా బస చేస్తారు. ముందుగా ఇంటర్వ్యూ చేసి పరిచయ పత్రం ఇస్తారు, బస మామూలుగా రెండు రాత్రులు. 2004లో వచ్చిన కౌచ్‌సర్ఫింగ్ మరింత విస్తృతమైనది, కానీ 2020 నుంచి చాలా దేశాల్లో దానికి సభ్యత్వ రుసుము కట్టవలసి వస్తోంది. ఇంటిపని చేసిపెట్టినందుకు బస ఇస్తామనే ఏర్పాట్లు కూడా కనిపిస్తాయి. పర్యాటక వీసా మీద వెళ్ళేవారు వాటి జోలికి పోకపోవడమే క్షేమం, ఎందుకంటే ఆ వీసా పని చేయడానికి అనుమతి ఇవ్వదు.

తేదీలు ఖాయం చేసుకునే ఉత్తరంలోనే కొన్ని ప్రశ్నలు అడిగేయడం మంచిది. పడుకునేది విడి గదిలోనా, హాలులో సోఫా మీదనా? ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉందా? తాళంచెవి ఒకటి మీకిస్తారా, లేక వారు ఆఫీసు నుంచి వచ్చేదాకా మీరు బయటే ఉండాలా? వంటగది వాడుకోవచ్చా? ఏ రోజుల్లో వారికి తీరిక ఉంటుంది? మనకు ఇవి పెళ్ళివారు పెట్టే షరతుల్లా వినిపిస్తాయి గానీ, వారికి ఇవి అతిథి బాధ్యత తెలిసినవాడన్న భరోసానిస్తాయి. మీ వైపు నుంచి చెప్పవలసినవి కూడా అప్పుడే చెప్పాలి: తిండి నియమాలు, మందులు, మెట్లెక్కలేని మోకాళ్ళు, అన్నీ.

వీసాకు కావలసిన కాగితాలు

ఆస్ట్రియా షెంగెన్ ప్రాంతంలోని (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సమూహంలోని) దేశం కాబట్టి ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించకుండా ఉండేందుకు స్వల్పకాల వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవి సెలవుల్లో వెళ్ళేవారు రెండు మూడు నెలల ముందే పూర్తి చేసుకోవడం వివేకం. 2024 జూన్ నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. తిరిగివచ్చే తేదీ తరువాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు మిగిలి ఉండాలి.

హోటల్ బుకింగ్ చూపించేవారికి బస సంగతి అక్కడితో తీరిపోతుంది. ఇంట్లో దిగేవారు మాత్రం ఎవరి ఇంట్లో, ఏ చిరునామాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంటారో తెలిపే ఆహ్వాన లేఖ జతచేయాలి. మీ ఖర్చులకు సరిపడా సొమ్ము మీ ఖాతాలో చూపించలేకపోతే, లేదా పిలిచినవారే మీ ఖర్చు భరిస్తామంటే, ఆస్ట్రియాలో దానికి ప్రత్యేకమైన పద్ధతి ఉంది. పిలిచిన వ్యక్తి పోలీసు కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, తన ఆదాయమూ ఇల్లూ చూపించి, ఎలక్ట్రానిక్ పూచీ పత్రం నమోదు చేయించాలి. ఆ నమోదు సంఖ్యను మీరు దరఖాస్తులో రాయాలి. ఇది ఉత్త మర్యాద పత్రం కాదు. మీ వైద్యానికో, మిమ్మల్ని వెనక్కి పంపడానికో ప్రభుత్వానికి ఖర్చయితే ఆ భారం వారి మీద పడుతుంది. అంత మాట ఒకరిని అడగవలసివచ్చినప్పుడు, అడిగే ముందు ఆ కాగితం వారిని దేనికి కట్టుబడేలా చేస్తుందో వివరించడం ధర్మం. మీ సొమ్ము మీకుంటే మీ లెక్కలే చూపించి, వారి దగ్గర ఆహ్వాన లేఖ మాత్రం తీసుకోండి.

2025 అక్టోబరు 12న షెంగెన్ సరిహద్దుల్లో రాకపోకల ఎలక్ట్రానిక్ నమోదు మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పాత పద్ధతి స్థానంలో ఫొటో తీసి కంప్యూటర్లో తేదీ నమోదు చేసే పద్ధతి వచ్చింది. దీనివల్ల ఒక్క రోజు ఎక్కువ ఉన్నా తెలిసిపోతుంది. ఏ విమానాశ్రయంలో మొదట షెంగెన్ ప్రాంతంలో అడుగుపెడతారో ఈ తనిఖీ అక్కడే జరుగుతుంది కాబట్టి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్ళేవారు ఆహ్వాన లేఖను చేతిసంచిలో ఉంచుకోవాలి.

పెట్టెలో పెట్టకూడనివి, పెట్టదగినవి

ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసమూ, పాల పదార్థాలూ తేకూడదు. కోడి పచ్చడి, వేట మాంసం పచ్చడి, నెయ్యి, కోవా బిళ్ళలు అన్నీ దీని కిందికే వస్తాయి. తాజా పండ్లకూ ఆకులకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, డూరియన్ అనే అయిదింటికి మాత్రమే మినహాయింపు. అంటే బంగినపల్లి మామిడిపండ్లూ కరివేపాకూ తీసుకువెళ్ళే ఆలోచన మానుకోవాలి. ఆవకాయ, కందిపొడి, చింతపండు వంటివాటికి ఈ ఇబ్బంది లేదు.

కానుకగా అన్నిటికన్నా బాగా నప్పేది, నా దృష్టిలో, అరకు కాఫీ. కాఫీ గురించి గంటల తరబడి మాట్లాడగలిగిన నగరానికి తూర్పు కనుమల్లో గిరిజన రైతులు పండించిన గింజలు పట్టుకెళితే మాటలు వాటంతటవే మొదలవుతాయి. పొడి కాకుండా వేయించిన గింజలే తీసుకువెళ్ళండి, ఇంట్లో మర ఉండే అవకాశం ఎక్కువ. కొండపల్లి బొమ్మ, మంగళగిరి తువ్వాలు, పోచంపల్లి బల్లగుడ్డ కూడా మంచివే. మరీ ఖరీదైన వస్తువు ఇస్తే వారు బదులు తీర్చుకోవడం ఎలాగా అని సతమతమవుతారు. అక్కడికి వెళ్ళాక పూలు కొనాలనుకుంటే చేమంతులు మాత్రం వద్దు. మన గుమ్మాలకు కట్టే ఆ పూలను వారు నవంబరు మొదటి తారీఖున సమాధుల మీద ఉంచుతారు.

ఇల్లు వెతుక్కోవడం

వియన్నా విమానాశ్రయం నగరం బయట ష్వెహాట్‌లో ఉంది. అక్కడి నుంచి ఎస్7 లోకల్ రైలు అరగంటలోపే వీన్ మిట్టె స్టేషనుకు చేరుస్తుంది. దూరప్రయాణ రైళ్ళు ప్రధాన స్టేషనుకు పావుగంటలో వెళతాయి. విమానాశ్రయ ప్రత్యేక రైలు కొన్ని నిమిషాలు ఆదా చేస్తుంది గానీ దాని టికెట్ ధర చాలా ఎక్కువ, మిగతా టికెట్లేవీ అందులో చెల్లవు. లోకల్ రైలుకు కూడా నగర పరిధి టికెట్టు ఒక్కటే సరిపోదు, బయటి భాగానికి అదనపు టికెట్ తీసుకోవాలి. నగరంలో రోజుకో వారానికో ఒక టికెట్ కొంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ పనికివస్తుంది. స్టేషన్లలో అడ్డుగేట్లు ఉండవు. కాగితపు టికెట్ మీద తేదీ లేకపోతే మొదటిసారి ఎక్కే ముందు నీలిరంగు యంత్రంలో ముద్ర వేయించాలి. తనిఖీదారులు మామూలు దుస్తుల్లో వస్తారు, టికెట్ లేకపోతే జరిమానా నూరు యూరోలు దాటుతుంది.

నగరాన్ని బెజిర్క్ అనే 23 ప్రాంతాలుగా విభజించారు. పిన్‌కోడులో నడిమి రెండంకెలు ఆ ప్రాంతం సంఖ్య. 1070 అంటే ఏడో బెజిర్క్, 1190 అంటే పంతొమ్మిదోది. వీధి పేరు తరువాత 12/2/15 అని ఉంటే 12వ నంబరు భవనం, 2వ మెట్లదారి, 15వ తలుపు అని అర్థం. వీధి గుమ్మం దగ్గర గంటల పలక మీద చాలాసార్లు పేర్లు ఉండవు, తలుపు సంఖ్యలే ఉంటాయి. కాబట్టి మూడో అంకె రాసుకోకపోతే పెట్టెలతో సహా వీధిలో నిలబడవలసి వస్తుంది. అంతస్తుల లెక్కలోనూ ఒక చమత్కారం ఉంది. పాత భవనాల్లో నేల అంతస్తు పైన హోఖ్‌పార్టెర్ అనీ, మెజానిన్ అనీ మధ్య అంతస్తులు వస్తాయి, ఆ తరువాతే మొదటి అంతస్తు. రెండో అంతస్తు అన్నారు కదా అని లిఫ్టు గురించి అడగకుండా వెళ్ళినవారు 23 కిలోల పెట్టెలను నాలుగు అంతస్తులు మోయవచ్చు.

మీరు దిగే ఇల్లు అలాంటి పాత భవనం కాకపోతే నగరపాలక సంస్థ కట్టించిన సముదాయం కావచ్చు. వియన్నా వాసుల్లో సుమారు నాలుగో వంతు మంది అటువంటి ఇళ్ళలోనే ఉంటారు. మన దగ్గర ప్రభుత్వ ఇల్లు అంటే పేదలకు కేటాయించినదని అనుకుంటాం. అక్కడ డాక్టర్లూ ఉపాధ్యాయులూ కూడా వాటిలో కాపురముంటారు. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ ఒక కిలోమీటరుకు పైగా సాగే భవనం. యూ4 మెట్రో చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాట్‌లో దిగితే ఎదురుగానే కనబడుతుంది.

మూడు రోజుల్లో చేయవలసిన పని

ఆస్ట్రియాలో ఒకరి ఇంట్లో మూడు రోజులకు మించి బస చేసేవారు, విదేశీ అతిథులైనా సరే, వచ్చిన మూడు రోజుల్లోగా తమ చిరునామా నమోదు చేయించుకోవాలి. హోటల్లో ఈ పని హోటల్‌వారే చూస్తారు కాబట్టి సందర్శకుల్లో చాలామందికి ఇలాంటి నిబంధన ఒకటుందనే తెలియదు. మెల్డెజెట్టెల్ అనే ఫారం నింపి, దాని మీద ఇంట్లో ఉండనిచ్చిన వ్యక్తి సంతకం తీసుకుని, పాస్‌పోర్టుతో ఏదో ఒక బెజిర్క్ కార్యాలయానికి వెళ్ళాలి. రుసుము ఏమీ లేదు. ఇల్లు అద్దెదైతే అద్దెకున్నవారి సంతకం చాలు. ఫారంలో మతం అడిగే గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేయవచ్చు. వెళ్ళిపోయేటప్పుడు ఆ నమోదును రద్దు చేయించాలి.

కొందరు ఇంటివారు కొద్దిరోజుల అతిథికి ఇదంతా ఎందుకని కొట్టిపారేస్తారు. అయినా సున్నితంగా గుర్తుచేయండి. చట్టప్రకారం నమోదు చేసుకోవలసింది అతిథే. ఇది వారిని అనుమానించడం కాదు. మన దేశంలో కూడా విదేశీయులు మన ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోపు అధికారులకు తెలపాలి. ఆ సంగతి హైదరాబాదులో విదేశీ మిత్రులను దించుకునే వారిలో ఎందరికి తెలుసో మరి.

ఇంట్లో నడుచుకోవలసిన తీరు

చెప్పులు గుమ్మంలోనే విడవాలి. ఈ విషయంలో వియన్నా ఇల్లూ మన ఇల్లూ ఒకటే, కాకపోతే ఉత్తకాళ్ళతో తిరగరు. అతిథుల కోసం ఇంట్లో వేసుకునే మెత్తని చెప్పులు సిద్ధంగా ఉంచుతారు. సొంతవి తీసుకువెళ్ళినా బాగుంటుంది. పెద్దవయసువారిని, పేరు పెట్టి పిలవమని వారే చెప్పేదాకా, ఇంటిపేరుతో, శ్రీ, శ్రీమతి అన్న అర్థమిచ్చే హెర్, ఫ్రావ్ అన్న పదాలు చేర్చి పిలవాలి. పేరుకు ముందు డాక్టర్ అని ఉంటే అది కూడా చేర్చడం ఆ నగరంలో ఇంకా మర్యాదే.

స్నానాల గది గురించి ఎవరూ రాయరు గానీ ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి. పాత ఇళ్ళలో మరుగుదొడ్డి వేరు, స్నానాల గది వేరు. మరుగుదొడ్డిలో కాగితమే ఉంటుంది, నీటి ఏర్పాటు ఉండదు. ఒక చిన్న ప్లాస్టిక్ చెంబునో, నొక్కితే నీరు చిమ్మే ప్రయాణపు సీసానో వెంట తెచ్చుకోండి, నేల మాత్రం తడపకండి. స్నానాల గదిలోనూ టబ్బు బయట నేల మీద పడిన నీరు పోవడానికి తూము ఉండదు. తెర టబ్బు లోపలికి వేసుకోకపోతే నీరు కింది అంతస్తు వారి పైకప్పులోకి దిగుతుంది, ఆ నష్టానికి బీమా కంపెనీల దాకా వెళ్ళవలసి ఉంటుంది. వేడినీరు విద్యుత్ బాయిలర్ నుంచి వచ్చే ఇళ్ళలో ఒకరి తరువాత ఒకరు స్నానం చేయడానికి ఎంత వ్యవధి కావాలో అడిగి తెలుసుకోండి. తలకు కొబ్బరినూనె రాసుకునే అలవాటున్నవారు దిండు మీద తమ తువ్వాలు పరుచుకోవడం మేలు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు చేయకూడదు. వేసవిలో మన గడియారం వియన్నా కంటే మూడున్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో నాలుగున్నర గంటలు. గుంటూరులో అమ్మగారు ఉదయం తొమ్మిదింటికి తీరిగ్గా వీడియో కాల్ చేస్తే వియన్నాలో తెల్లవారుజామున అయిదున్నర. గోడ అవతల ఇంటివారు నిద్రలో ఉంటారు. కాల్ వేళలు ప్రయాణానికి ముందే బంధువులకు చెప్పి ఉంచండి.

తలుపు సంగతి మరచిపోవద్దు. చాలా ఇళ్ళలో తలుపు వెనక్కి లాగగానే తాళం పడిపోతుంది, బయటి వైపు తిరిగే పిడి ఉండదు. చెత్త పడేయడానికి రెండు నిమిషాలు వెళ్ళినా తాళంచెవి జేబులో ఉండాలి. ఆదివారం తాళాలవాడిని పిలిస్తే వచ్చే బిల్లు హోటల్ గదికి కట్టి ఉంటే పోయేదనిపించేలా ఉంటుంది. ఒకే తాళంచెవి వీధి తలుపుకూ, ఇంటికీ, నేలమాళిగకూ పనిచేసే భవనాల్లో అది పోగొట్టుకోవడం ఇంకా పెద్ద నష్టం.

చెత్తను కాగితం, గాజు, ప్లాస్టిక్ డబ్బాలు, వంటింటి తుక్కు, మిగతాది అని వేరుచేస్తారు. గాజులోనూ రంగు సీసాలకు ఒక డబ్బా, తెల్ల సీసాలకు ఇంకొకటి. 2025 జనవరి 1 నుంచి పానీయాల ప్లాస్టిక్ సీసాకూ లోహపు డబ్బాకూ 25 సెంట్ల డిపాజిట్ కడుతున్నారు. ఖాళీ సీసాను నలపకుండా సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. అసలు నీళ్ళ సీసా కొనడమే అనవసరం. 1873లోనూ, 1910లోనూ వేసిన రెండు పెద్ద కాలువల ద్వారా ఆల్ప్స్ కొండల ఊటనీరు ఇంటి కుళాయికి వస్తుంది. కుళాయి నీళ్ళు తాగడానికి సంకోచించే అతిథిని చూస్తే వియన్నావారు కాస్త నొచ్చుకుంటారు.

తిండి దగ్గర

వడ్డన దగ్గర మన అలవాటుకు గట్టి పరీక్ష ఎదురవుతుంది. ఇంకొంచెం వేయనా అని ఒకసారి అడుగుతారు. మొదటిసారి వద్దనడం మన మర్యాద, మూడోసారికి ఒప్పుకోవడం మన ఆచారం. అక్కడ మొదటి వద్దుతోనే గిన్నె వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆకలి ఉంటే అవునని చెప్పండి. అదేవిధంగా మీరు వారికి వండిపెట్టినప్పుడు వద్దన్నవారి కంచంలో మరో గరిటె వేయకండి.

చాలా ఇళ్ళలో మధ్యాహ్నం వేడి భోజనం చేసి, రాత్రికి రొట్టె, జున్ను, ఊరగాయలతో సరిపెట్టుకుంటారు. రాత్రి అన్నం లేకపోతే నిద్రపట్టనివారు ఈ సంగతి ముందే గ్రహించి మధ్యాహ్నం బయట గట్టిగా తినడం ఉత్తమం. ఉదయం సెమ్మెల్ అనే గుండ్రని రొట్టె, వెన్న, జామ్, కాఫీ. అందరూ కూర్చున్నాక ఒక మాట అనుకుని తినడం మొదలుపెడతారు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్ళలోకి చూడాలి. చేతిలో ఉన్నది ద్రాక్షరసమైనా ఈ నియమం మారదు.

శాకాహారులు తాము శాకాహారులమని చెబితే సరిపోదు, ఏమేమి తినరో పేరుపేరునా చెప్పాలి. వియన్నా ఆలుగడ్డ సలాడ్‌ను గొడ్డుమాంసం ఉడికించిన రసంతో కలుపుతారు. సన్నగా తరిగిన అట్ల ముక్కలు తేలే ఫ్రిట్టాటెన్ సూప్‌లో ఉండేదీ అదే రసం. చూడటానికి రెండింట్లోనూ మాంసం ముక్క కనబడదు, వడ్డించేవారికి అందులో మాంసమున్నట్టు తట్టకపోవచ్చు. గుడ్డు తిననివారికి కష్టం ఇంకా ఎక్కువ, కైజర్‌ష్మార్న్ మొదలు చాలా మిఠాయి వంటల్లో గుడ్డే ప్రధానం. జున్ను వేసిన ష్పెట్స్‌లె అనే నూడుల్స్ లాంటి వంటకంలోనూ పిండిలో గుడ్డు కలుస్తుంది. వసంతంలో తెల్ల ఆస్పరాగస్, వేసవి చివర అడవి పుట్టగొడుగులు వస్తాయి. ఆ రోజుల్లో శాకాహారికి ఊరట.

ఒక పూట తెలుగు వంట చేసిపెడతామని చెబితే సాధారణంగా సంతోషంగా ఒప్పుకుంటారు. పోపు పొగ చలికాలంలో మూసిన కిటికీల మధ్య రెండు రోజులు నిలుస్తుంది కాబట్టి, ఇంగువ వేసే ముందు కిటికీ తెరిచి, వంటగది తలుపు మూయండి. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం, ఇత్తడి పాత్రలు దాని మీద వేడెక్కవు. తెల్లని పలకల మీద పసుపు మరక పడితే వెంటనే తుడవాలి. కందిపప్పు, చింతపండు, కరివేపాకు నాష్‌మార్క్ట్ అనే మార్కెట్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరుకుతాయి. ముద్దపప్పు, నిమ్మకాయ పులిహోర, పెరుగుపచ్చడి చాలు. మొదటిసారి తినేవారికి గుంటూరు కారం రుచి చూపించాలన్న ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోండి.

ఊరు చూడటం

వారం రోజులుంటే పని దినాల్లో ఒంటరిగా తిరగడానికీ, ఆదివారం ఇంటివారితో గడపడానికీ వీలుగా ఏర్పాటు చేసుకోండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, పెద్ద రైల్వే స్టేషన్లలోని కొన్ని సూపర్‌మార్కెట్లు తప్ప. శనివారం సాయంత్రం ఆరులోపే పాలూ రొట్టే కొనిపెట్టుకోవాలి. ఆ రోజు నగరవాసులు కొండల వైపు నడుస్తారు. హైలిగెన్‌స్టాట్ నుంచి 38ఎ బస్సు కాలెన్‌బెర్గ్ కొండ మీదికి తీసుకుపోతుంది, అక్కడి నుంచి ద్రాక్షతోటల మధ్యగా నుస్‌డోర్ఫ్ దాకా దిగి రావచ్చు. దారిలో తోటలవారు తమ ద్రాక్షసారాయాన్ని తామే అమ్మే హాయ్‌రిగర్లు ఉంటాయి. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన అనుమతితో నిలదొక్కుకున్న సంప్రదాయమిది. గుమ్మానికి పచ్చని కొమ్మ కట్టి ఉంటే తెరిచి ఉన్నట్టు. తాగేవి బల్ల దగ్గరికి తెస్తారు, తినేవి మాత్రం చాలాచోట్ల మీరే వెళ్ళి తెచ్చుకోవాలి. మద్యం ముట్టనివారు ద్రాక్షరసం అడిగితే ఎవరూ వింతగా చూడరు.

షోన్‌బ్రున్ రాజభవనం లోపలికి టికెట్ కావాలి, తోటలకు అక్కర్లేదు. కళాచరిత్రకు చెందిన కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం, చిత్రకారుడు క్లిమ్ట్ గీసిన ‘ముద్దు’ అనే చిత్రం ఉన్న బెల్వెడియర్ వంటి కేంద్రప్రభుత్వ మ్యూజియాల్లో 19 ఏళ్ళలోపువారికి ప్రవేశం ఉచితం. కార్ల్స్‌ప్లాట్స్ కూడలిలో 2023 డిసెంబరులో మళ్ళీ తెరిచిన నగర చరిత్ర ప్రదర్శనశాల వీన్ మ్యూజియంలో శాశ్వత ప్రదర్శన అందరికీ ఉచితమే. నగరం ఎలా పెరిగిందో తెలిశాక మిగతావి చూస్తే బాగా అర్థమవుతాయి కాబట్టి నేనైతే మొదటి రోజునే అక్కడికి వెళ్ళమంటాను. స్టెఫాన్స్‌డోమ్ అనే పెద్ద చర్చి దక్షిణ గోపురం ఎత్తు 136 మీటర్లు, ఎక్కవలసిన మెట్లు 343. ఒపెరా అనే సంగీత నాటకశాలలో నిలబడి చూసే చోట్లకు ప్రదర్శన రోజున టికెట్లు చౌకగా దొరుకుతాయి. మీ చోటు దగ్గర కడ్డీకి ఒక శాలువా ముడివేసి వెళితే తిరిగొచ్చేదాకా దాన్ని ఎవరూ ఆక్రమించరు. జూలై, ఆగస్టు నెలల్లో ఆ ఒపెరా ఉండదు.

కాఫీ హౌస్‌లో ఒక్క కప్పుతో రెండు గంటలు కూర్చున్నా లెమ్మనరు. ఉత్త కాఫీ అంటే కుదరదు, ఏ కాఫీయో చెప్పాలి. పాలనురగతో వచ్చే మెలాంజ్ మన నాలుకకు త్వరగా అలవాటవుతుంది. పక్కనే గ్లాసు మంచినీళ్ళు పెడతారు. బిల్లు తెచ్చినప్పుడు కలిపి కడతారా, విడివిడిగానా అని అడుగుతారు. విడివిడిగా అన్నందుకు ఇంటివారిని పిసినారులనుకోకూడదు. ఒక పూట మీరు కట్టదలచుకుంటే బయలుదేరేటప్పుడే, ఈ రోజు మా వంతు అని చెప్పేయండి. బిల్లు దగ్గర చేతులు పట్టుకుని లాక్కోవడం అక్కడ చూడముచ్చటగా ఉండదు. సేవకు అయిదు నుంచి పది శాతం కలిపి, మొత్తం ఎంత తీసుకోవాలో నోటితో చెబుతారు.

మరొక విషయం చెప్పకపోతే తరువాత కంగారుపడతారు. దానూబ్ నదిలో 21 కిలోమీటర్ల పొడవున్న కృత్రిమ ద్వీపం మీద ఈతకూ సైకిళ్ళకూ జనం వస్తారు, దాని రెండు కొసల్లో బట్టలు లేకుండా ఎండ కాచుకునే చోట్లున్నాయి. ఆవిరి స్నానశాలల్లోనూ ఆడా మగా కలిసి దుస్తులు లేకుండానే కూర్చుంటారు. ఇంటివారు అక్కడికి రమ్మంటే అందులో వేరే ఉద్దేశం ఏమీ ఉండదు. రానని ఒక్క మాట చెబితే చాలు, కారణం వెతుక్కోవలసిన పని లేదు.

బయలుదేరే ముందు

చివరి రోజుకు మూడు పనులు మిగులుతాయి. చిరునామా నమోదు రద్దు చేయించడం మొదటిది. బెజిర్క్ కార్యాలయాలు శని, ఆదివారాలు ఉండవు కాబట్టి ఆదివారం విమానమైతే శుక్రవారం ఉదయమే ముగించుకోవాలి. రెండోది పక్క దుప్పట్లు ఏం చేయాలో అడగడం. కొందరు తీసి మడతపెట్టమంటారు, కొందరు వదిలేయమంటారు. అడగకుండా వారి వాషింగ్ మెషీన్ తిప్పడం మాత్రం వద్దు. మూడోది తాళంచెవి. బల్ల మీద పెట్టి తలుపు లాగాలో, ఉత్తరాల పెట్టెలో వేయాలో, పొరుగింట ఇవ్వాలో ముందు రోజు రాత్రే తేల్చుకోండి, ఎందుకంటే ఉదయం మీరు లేచేసరికి ఇంటివారు ఆఫీసుకు వెళ్ళిపోయి ఉండవచ్చు. తలుపు లాగే ముందు పాస్‌పోర్టు, ఫోను, రెండు పెట్టెలూ గుమ్మం అవతల ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకసారి పడ్డాక ఆ తలుపు మీకు తెరుచుకోదు.